ఇన్‌సర్ట్ కన్నా ముందు పొగగొట్టం

ఇంటి నిర్మాణం, మరమ్మతుల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు విశ్రాంత సివిల్ ఇంజనీరు ఇచ్చే సమాధానాలు

ప్రశ్న: పలాస దగ్గర ఉద్దానం పల్లెలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ, రెండేళ్ల కిందట 1960లలో కట్టిన పాత ఇల్లొకటి కొనుక్కున్నాడు. దాని హాల్లో బయటి గోడను ఆనుకొని ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఉంది. అందులో కట్టెలు మండిస్తే ఎదురుగా కూర్చున్నవాళ్లకు ముఖం కాలుతుందనీ, వీపు వణుకుతుందనీ, పక్క గదులు మరింత చల్లబడతాయనీ మా కోడలు చెబుతోంది. ఇంటికి గొట్టం ద్వారా వచ్చే గ్యాసుతో నడిచే హీటింగ్ ఉన్నా, నిరుడు మంచు తుపానులో రెండు రోజులు కరెంటు పోయి అదీ ఆగిపోయిందట. అందుకని ఫైర్‌ప్లేస్ గూటిలో అమరే ఇనుప పొయ్యి పెట్టించాలని చూస్తున్నారు, దాన్ని ఇన్‌సర్ట్ అంటారట. ఒక కాంట్రాక్టరు 4,300 డాలర్లు అడిగాడట. చిమ్నీ లోపల దించే లైనర్ అనే స్టీలు గొట్టం వేయనక్కరలేదనీ, వేస్తే ఇంకో 1,900 డాలర్లు అవుతుందనీ అన్నాడట. పెరట్లో మొన్న కొట్టించిన చెట్టు తాలూకు దుంగలు కూడా ఉన్నాయి. మా మనవరాలికి ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. ‘నాన్నా, చిన్నప్పటి నుంచీ కట్టెల పొయ్యి చూసినవాడివి, పెట్టించమంటావా, వద్దంటావా’ అని అబ్బాయి అడుగుతున్నాడు. నాకు తెలిసిన పొయ్యి వేరు, అది వేరు. ఏమని చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, మీకు తెలిసిన పొయ్యికీ మీ అబ్బాయి ఇంట్లోని ఫైర్‌ప్లేస్‌కూ మధ్య తేడా మీరనుకుంటున్నంత పెద్దది కాదు. ఎక్కడైనా మంట బతకాలంటే కింది నుంచి గాలి అందాలి, పైనుంచి పొగ పోవాలి. ఈ రెండింటిలో ఏది కుంటుపడినా కట్టె మండదు, కళ్లు మండుతాయి. ముందు నా అభిప్రాయం చెప్పేసి, తరువాత కారణాలు రాస్తాను. లైనర్ లేకుండా ఇన్‌సర్ట్ పెడతామంటే, ఎంత చవకగా వచ్చినా ఒప్పుకోవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. లైనర్‌తో పెట్టించినప్పుడు కట్టెల ఇన్‌సర్ట్ నిజంగా మంచి సాధనమే. అయినా ఉబ్బసం ఉన్న పాప తిరిగే ఇంట్లో, అందులోనూ గ్యాసు గొట్టం ఇప్పటికే ఉన్న ఇంట్లో, గ్యాసు ఇన్‌సర్ట్ మేలని నా నమ్మకం.

మీ కోడలు చెప్పినది అక్షరాలా నిజం. తలుపు లేని ఫైర్‌ప్లేస్‌లో మంట తనకు కావలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని గదిలో నుంచి లాగి చిమ్నీకి అప్పగిస్తుంది. బాగా రాజుకున్న మంట గంటకు 24,000 ఘనపుటడుగుల వరకు గాలిని ఇలా బయటికి పంపగలదని అమెరికా ఇంధన శాఖ తన వినియోగదారులకు చెబుతూ ఉంటుంది. రెండు వేల చదరపుటడుగుల ఇల్లు, ఎనిమిది అడుగుల కప్పు అనుకొని లెక్కవేయండి: ఇంట్లో ఉన్న గాలి మొత్తం 16,000 ఘనపుటడుగులే. అంటే హీటింగ్ యంత్రం డబ్బు పోసి వేడిచేసిన గాలి గంట తిరిగేలోగా ఒకటిన్నర సార్లు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీని పూరించడానికి కిటికీ సందుల నుంచీ తలుపు కింది నుంచీ మంచుగాలి లోపలికి వస్తుంది. వీపు వణకడానికీ, పక్క గదులు చల్లబడడానికీ కారణం అదే. కట్టెలో ఉన్న వేడిలో పదోవంతు గదికి దక్కితే గొప్ప. బయట చలి మరీ తీవ్రంగా ఉన్న రోజున ఆ పదోవంతు కూడా మిగలక, మంట వేసినందువల్ల ఇల్లు మొత్తం మీద నష్టపోవచ్చు.

ఇన్‌సర్ట్ ఈ దోపిడీని ఆపుతుంది. అది పోతఇనుముతోనో ఉక్కు రేకుతోనో చేసిన పెట్టె. ముందు వేడికి పగలని సిరామిక్ గాజు తలుపు, గాలిని కొలిచి వదలడానికి ఒక మీట, వెనుక వేడిగాలి తిరగడానికి చుట్టూ రెండో పొర ఉంటాయి. మంచి ఇన్‌సర్ట్‌లో అసలు పనితనం పై భాగంలో ఉంటుంది. అక్కడ సన్నని రంధ్రాలున్న గొట్టాల గుండా వేడెక్కిన గాలి వచ్చి, దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొగకే నిప్పు అంటిస్తుంది. కట్టె నుంచి వచ్చే వేడిలో సగం దాకా పొగలోని వాయువుల్లోనే ఉంటుంది కనుక, ఆ పొగ మండితే వేడి గదికి దక్కుతుంది, చిమ్నీలోకి పోయే మసి తగ్గుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి పొయ్యిలకు 1988లో మొదటి ప్రమాణాలు పెట్టి, 2015లో వాటిని బిగించింది. 2020 మే 15 నుంచి అమ్మే ప్రతి కట్టెల ఇన్‌సర్ట్ గంటకు 2 గ్రాములకు మించి పొగ కణాలు విడవకూడదు. మామూలు వంటచెరకు దుంగలతో పరీక్షిస్తే ఆ పరిమితి 2.5 గ్రాములు. ఈ ప్రమాణానికి లోబడిన కొత్త సరుకు అయితే పెట్టె మీద నాకు అనుమానం లేదు. ఎవరో వాడి తీసేసిన పాత ఇన్‌సర్ట్‌ను కాంట్రాక్టరు తక్కువ ధరకు తెస్తానంటే మాత్రం తీసుకోవద్దని చెప్పండి.

అయితే ఇల్లు కాలేది పెట్టె వల్ల కాదు, చిమ్నీ వల్ల. ఇక్కడే మీ ఉత్తరంలోని కాంట్రాక్టరు మాట నన్ను కలవరపెట్టింది.

పాత ఫైర్‌ప్లేస్ చిమ్నీ లోపలి దారి సాధారణంగా పన్నెండు అంగుళాల చదరం, అంటే సుమారు 144 చదరపుటంగుళాలు ఉంటుంది. తెరిచిన మంట లాగే అంత గాలి పోవడానికి అంత దారి కావాలి. ఇన్‌సర్ట్ నుంచి పొగ వచ్చే మూతి ఆరంగుళాల గుండ్రం, అంటే 28 చదరపుటంగుళాలు మాత్రమే. ఈ కొద్దిపాటి పొగ అయిదింతలు పెద్దదైన దారిలోకి పడితే, కాలువ నీరు చెరువులో కలవగానే వేగం తగ్గి ఒండ్రు దిగినట్టే, పొగ నెమ్మదించి, చల్లని ఇటుకలకు తగిలి, తనలోని తారును అక్కడే దింపేస్తుంది. పొగ వేడి 120 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పోయిన చోటల్లా ఇది జరుగుతుంది. ఆ తారునే అక్కడ క్రియోసోట్ అంటారు. మీ అబ్బాయి ఇంటి చిమ్నీ బయటి గోడకు ఉంది కాబట్టి మూడు వైపులా మంచుగాలి తగులుతూ ఉంటుంది, తారు పట్టడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

దీన్ని నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంట్లో ఒక శీతాకాలం ఉన్నాను. ఆ ఇల్లు అమ్మినవాళ్లు ఫైర్‌ప్లేస్ గూటిలోకి ఒక ఇన్‌సర్ట్‌ను ఊరికే తోసేసి, గొట్టం ఏదీ తగిలించకుండా వదిలేశారు. చిమ్నీ శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి నేలమీద పాత బొంత పరిచి ఇన్‌సర్ట్‌ను దానిమీదికి జాగ్రత్తగా లాగాడు. వెనుక ఇటుకల మీద నల్లగా, మెరుస్తూ, కారి గడ్డకట్టినదేదో కనిపించింది. మీ పలాసలో జీడిపిక్కలు కాల్చినప్పుడు పెంకు నుంచి కారే నూనె గోడకు ఎండిపోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. గోటితో గీస్తే గీటు పడలేదు. ఆ మనిషి అందులో నుంచి చిటికెన వేలి గోరంత పెచ్చు ఒకటి ఊడదీసి, బూడిద తీసే పార మీద పెట్టి, అగ్గి ముట్టించాడు. అది నూనెలో వేసిన అప్పడంలా పొంగి, ముందున్న దానికి ఎన్నో రెట్లు పెరిగి, బుసకొడుతూ మండింది. పాతిక అడుగుల చిమ్నీ పొడవునా ఇలాంటిది పేరుకొని ఉండగా ఒక రాత్రి ఒక నిప్పురవ్వ పైకి పోయి ఉంటే ఏమయ్యేదో అతను వివరించనక్కరలేకపోయింది. చిమ్నీలో నిప్పంటుకుంటే వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటగలదు, లోపలి మట్టిపలకలు బీటలువారతాయి, ఆ బీటల గుండా సెగ గోడలోని చెక్కను చేరుతుంది. మన ఇళ్లు ఇటుక, సిమెంటు; అక్కడి ఇళ్ల అస్థిపంజరం మొత్తం చెక్కే. మా అమ్మాయి ఆ రోజు నుంచి లైనర్ వేసేదాకా అందులో అగ్గిపుల్ల కూడా గీయలేదు.

లైనర్ అంటే చిమ్నీ లోపల పై నుంచి కింది దాకా దించే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. ఇన్‌సర్ట్ మూతి ఎంతో గొట్టమూ అంతే ఉండాలి, మధ్యలో సన్నబడకూడదు. కింద మూతికి బిగించి, పైన చిమ్నీ తలను రేకుతో మూసి, వాన పడకుండా టోపీ పెట్టాలి. బయటి గోడ చిమ్నీ కాబట్టి గొట్టం చుట్టూ వేడిని ఆపే చుట్ట కూడా చుట్టించమనండి. ఇన్‌సర్ట్ పైన, చిమ్నీ మొదలయ్యే చోట, గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని మరో ఇనుప రేకుతో మూయించాలి. లేకపోతే ఇన్‌సర్ట్ వెనుక చేరిన వేడి గదిలోకి రాకుండా ఇటుకల వెంట పైకి పోతుంది. ఈ చిన్న రేకును చాలామంది వదిలేస్తారు. 1,900 డాలర్లు అదనపు ఖర్చు అని కాంట్రాక్టరు అన్నాడు కదా, నా దృష్టిలో అదే అసలు పని. చిమ్నీకి పెట్టాల్సింది పెట్టాక చేతిలో మిగిలిన డబ్బుతో ఎంత పెట్టె వస్తే అంత కొనుక్కోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు చిమ్నీని లోపలి నుంచి కెమెరాతో పరీక్షించాలి. పొయ్యి రకం మార్చినప్పుడు ఈ లోతైన పరీక్ష జరగాలనీ, ఆ తరువాత ఏటా ఒకసారి చిమ్నీ చూపించుకోవాలనీ అక్కడి అగ్నిమాపక ప్రమాణాలు చెబుతాయి. చిమ్నీ కప్పును దాటే చోట కనీసం మూడడుగులు పైకి ఉండాలి, పదడుగుల లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తు ఉండాలి. పొయ్యి ముందు నేల కనీసం 16 అంగుళాల మేర రాయో పలకో అయి ఉండాలి. ఇన్‌సర్ట్ తయారీదారు అంతకన్నా ఎక్కువ అడిగితే ఆ మాటే చెల్లుతుంది. మునిసిపాలిటీ అనుమతి, ఇంటి బీమా కంపెనీకి ముందస్తు ఉత్తరం, ఈ రెండూ లేకుండా పెట్టించుకున్నవాళ్లకు ప్రమాదం జరిగాక పరిహారం దగ్గర చిక్కులు రావచ్చు.

ఇక పెరట్లోని దుంగలు. మీరు ఉద్దానం వారు కాబట్టి దీనికి నా వివరణ అక్కరలేదు, మీ జ్ఞాపకం చాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి, పనస చెట్లను నేలకూల్చాక, గ్యాసు బండ దొరకని ఇళ్లలో ఆ పడిపోయిన పచ్చి జీడికొమ్మలతోనే వంట చేయాల్సి వచ్చినప్పుడు పొయ్యి దగ్గర పొగ ఎలా కమ్మిందో గుర్తు చేసుకోండి. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో సగం నీరే ఉండవచ్చు. ఆ నీరంతా ఆవిరయ్యాకే కట్టె వేడినిస్తుంది, ఈలోగా మంట చల్లబడి పొగ, తారు పుడతాయి. బెల్లం వండేవాళ్లు చెరకుపిప్పిని కళ్లంలో పరిచి గలగలమనేదాకా ఎండబెట్టనిదే పెనం కిందికి తోయరు, ఇన్‌సర్ట్‌కు అంతకన్నా ఎక్కువ పట్టింపు. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. దుంగలను చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పి పక్కలు గాలికి వదిలితే ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఓక్ వంటి గట్టి చెక్కకు రెండేళ్లూ పట్టవచ్చు. తేమ కొలిచే చిన్న పరికరం దొరుకుతుంది. దాన్ని దుంగ చివర గుచ్చి చూస్తే మోసపోతారు, దుంగను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి. అందువల్ల మొన్న కొట్టిన ఆ చెట్టు ఈ శీతాకాలానికి కట్టెగా లెక్కకు రాదు.

కరెంటు పోయినప్పటి అవసరం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయికి ఈ ఆలోచన వచ్చిందే అక్కడ నుంచి. గది మధ్యలో నిలబెట్టిన ఇనుప పొయ్యి నాలుగు వైపులా వేడి చిమ్ముతుంది, గోడలో దూరి కూర్చున్న ఇన్‌సర్ట్ ముందు ముఖంతోనే వేడిని ఇవ్వగలదు. మిగిలిన వేడిని గదిలోకి తోయడానికి దానికి ఫ్యాను ఉంటుంది, ఆ ఫ్యానుకు కరెంటు కావాలి. కరెంటు లేకపోయినా కట్టెల ఇన్‌సర్ట్ పని చేస్తుంది గాని, సగం బలంతో పని చేస్తుందనుకోవాలి. చెక్కపొట్టు గుళికలతో నడిచే పెల్లెట్ ఇన్‌సర్ట్ అయితే గుళికలు తోసే మరకూ కరెంటే ఆధారం కాబట్టి, బ్యాటరీ ఏర్పాటు లేకపోతే పూర్తిగా ఆగిపోతుంది. ఈ ఇంటికి అది పనికిరాదు.

ఇప్పుడు పాప సంగతి. కట్టెల ఇన్‌సర్ట్ ఎంత మేలు రకమైనా, దుంగ వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ కాస్త పొగ గదిలోకి తొంగిచూస్తుంది. బూడిద తీసినప్పుడు దుమ్ము లేస్తుంది. చిమ్నీ నుంచి పోయిన పొగ గాలి లేని రాత్రి ఇంటి చుట్టే తిరుగుతుంది. ఆరోగ్యవంతులకు ఇది పెద్ద విషయంగా తోచదు. ఉబ్బసం ఉన్న పిల్లకు కట్టెపొగలోని సన్నని కణాలు ఆయాసాన్ని రేపుతాయని వైద్యులందరూ చెబుతారు. మా అమ్మ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చొని ఊదుగొట్టం ఊదిన మనిషి. చివరి పదేళ్లు ఆమె దగ్గుకు నిద్రలేచి కూర్చునేది, మేము కూడా లేచి కూర్చునేవాళ్లం. అందువల్ల ఈ విషయంలో నేను తూకం వేసేటప్పుడు పాప వైపు తట్టలో ఎక్కువ బరువు పెడుతున్నానని ఒప్పుకుంటాను, దానికి నాకేమీ సంకోచం లేదు.

గ్యాసు ఇన్‌సర్ట్‌లో రెండు గొట్టాలు దించే రకం తీసుకోమనండి. ఒక గొట్టం బయటి నుంచి మంటకు గాలి తెస్తుంది, రెండోది కాలిన వాయువును బయటికి పంపుతుంది. మధ్యలో గాజు పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి మంటకు గది గాలితో సంబంధమే ఉండదు. ఈ రకంలో చాలా నమూనాలు కరెంటు పోయినా చిన్న బ్యాటరీతోనో, ఆరని చిన్న మంట నుంచి పుట్టే కొద్దిపాటి విద్యుత్తుతోనో వెలుగుతాయి. కొనేముందు ఈ ఒక్కటీ అడిగి, కరెంటు తీసేసి వెలిగించి చూపమనాలి. గొట్టమే అక్కరలేని గ్యాసు పొయ్యి అని ఇంకొకటి అమ్ముతారు, కాలిన వాయువంతా గదిలోకే వదులుతుంది. అది ఆ ఇంటికి అసలు వద్దు. గ్యాసు ఇన్‌సర్ట్ గాజు కూడా చేయి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి, ముందు జాలీ తెర తప్పనిసరి.

ఖర్చులో కొంత పన్ను రాయితీగా వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే, ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. 75 శాతం సామర్థ్యం ఉన్న కట్టెల, పెల్లెట్ పొయ్యిలకు ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు ఇచ్చిన కేంద్ర రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. డబ్బు ఇబ్బందిగా ఉంటే ఈ ఏటికి ఏ ఇన్‌సర్టూ పెట్టకుండా, ఫైర్‌ప్లేస్ మూతిని గాలి చొరకుండా మూయించి, అటక మీద వేడిని ఆపే పరుపు వేయించి, కిటికీ సందులు పూడిపించమనండి. పక్క గదుల చలి దానితోనే చాలావరకు తగ్గుతుంది. ఏది పెట్టించినా, పెట్టించకపోయినా, ప్రతి అంతస్తులోనూ పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే అలారం ఉందో లేదో ఈ రాత్రే ఫోను చేసి అడగండి.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర పల్లె, బంగ్లాపెంకుల ఇల్లు. వంటకు గ్యాసు ఉన్నా, స్నానాల నీళ్లకూ ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టడానికీ వంటింట్లోని మట్టిపొయ్యే వాడుతున్నాం. ఆ పొయ్యి గూటిలో ఇనుప పొయ్యి దింపి, రేకు గొట్టం పెంకుల్లోంచి పైకి తీయాలనుకుంటున్నాను. పొగ పోతే దూలాలకు పురుగు పడుతుందని మా అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అత్తగారు చెప్పినది ఉత్త నమ్మకం కాదు. పొగచూరిన వాసానికి పురుగు త్వరగా పట్టదు. కాని ఆ పొగ దూలానికి చేసే మేలు కన్నా మీ ఇద్దరి ఊపిరితిత్తులకు చేసే కీడు చాలా ఎక్కువ. దూలాలకు చెదల మందు పూయించి ఆవిడ మనసు కుదుటపరచండి. తరువాత గొట్టం పెట్టించండి.

గొట్టం పొయ్యి మూతి ఎంతో అంతే ఉండాలి. పొయ్యి నుంచి నిటారుగా పైకి పోవాలి. పక్కకు తిప్పక తప్పకపోతే ఒక్క మలుపుతో సరిపెట్టి, ఆ మలుపు దగ్గర మసి దులపడానికి మూత పెట్టించండి. ఒంటి పొర రేకు గొట్టానికీ వాసాలకూ మధ్య ఏ వైపు చూసినా అడుగున్నర ఎడం ఉండాలి. మీ వడ్రంగి దీన్ని నమ్మకపోవచ్చు, మండుతున్న పొయ్యి గొట్టానికి జానెడు దూరంలో చేయి పెట్టి చూడమనండి. అంత ఎడం కుదరకపోతే పెంకుల గుండా తీసే ఆలోచన మాని, వెనుక గోడలో నుంచి బయటికి తీసి, గోడ వెంట పైకి లేపండి. పై చివర ఇంటి కొప్పుకన్నా రెండడుగులు ఎత్తుకు పోవాలి, లేకపోతే పడమటి గాలి కొట్టిన రోజు పొగ వెనక్కి తన్నుతుంది. తుపాను గాలులు తగిలే చోటు కాబట్టి మూడు వైపులా తీగలతో లాగి కట్టించండి. పాత ఆస్‌బెస్టాస్ గొట్టం ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు, దాన్ని కోసినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం.

పొయ్యికీ గూటికీ మధ్య మిగిలే సందును ఊక కలిపిన మట్టితో మెత్తండి. ఇసుకా సిమెంటూ ఆ సెగకు త్వరగా బీటలిస్తాయి.

ప్రశ్న: విజయనగరం పట్టణంలో ఉంటాం. మా అమ్మాయి పురుటికి వచ్చింది, బిడ్డకు పన్నెండు రోజులు. చలిగాలి తగలకూడదని పెద్దవాళ్లు రాత్రిపూట బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిడాయిస్తున్నారు. పొగ రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదంటున్నారు. అమ్మాయి పొద్దున్నే తలనొప్పి అంటోంది.

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందిన రాత్రి నుంచే ఆ కుంపటిని గదిలో పెట్టడం మానేయండి. పైన ఫైర్‌ప్లేస్ గురించి రాసినదంతా పొగగొట్టం ఉన్న నిప్పు గురించి, మీ గదిలోని నిప్పుకు గొట్టమే లేదు. ఎర్రగా కణకణలాడే బొగ్గు పొగ విడవదు గాని, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్‌ను విడుస్తూనే ఉంటుంది. అది నెత్తురులో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. పొద్దున్నే తలనొప్పి దానికి మొదటి గుర్తు కావచ్చు. తరువాత వాంతి, మగత వస్తాయి, మగతలో ఉన్న మనిషి లేచి తలుపు తీయలేడు. పసిబిడ్డకు తలనొప్పి అని చెప్పే నోరు కూడా లేదు. తల్లినీ బిడ్డనూ ఆలస్యం లేకుండా వైద్యునికి చూపించి, రాత్రుళ్లు గదిలో కుంపటి ఉండేదని మీరే ముందుగా చెప్పండి.

విజయనగరం చలికి బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టి, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు వేసి, మెత్తని నూలు దుప్పటి చుట్టితే సరిపోతుంది. సాంబ్రాణి పొగ వేసే ఆనవాయితీ ఉంటే, బిడ్డను మరో గదిలో ఉంచి, పొగ పూర్తిగా పోయాక తీసుకురండి. కుంపటి తీసి వసారాలో పెట్టినా, బూడిద కింద నిప్పు మరునాటిదాకా ఉండవచ్చు, కాబట్టి దాన్ని గోనెసంచులకూ ఎండుగడ్డికీ దూరంగా ఉంచండి.